చీర మీద వాలిన పిట్టలు

పెళ్ళిమాటలు జరిగే ఇళ్ళల్లో "చీనిచీనాంబరాలు" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే వుంటుంది. "పిల్లకు చీనిచీనాంబరాలు పెట్టక్కర్లేదు లెండి, నాలుగు మంచి చీరలు పెడితే చాలు" అని మగపెళ్ళివారు మర్యాదకు అంటారు. మర్యాదకు అన్న మాటేనని ఆడపెళ్ళివారికీ తెలుసు. ఆ మాటలో వున్న చీనా అసలు చైనాదేశమే. కాళిదాసు కూడా శాకుంతలంలో గాలికి ఎదురుగా పట్టుకుపోతున్న జెండాగుడ్డను చీనాంశుకమనే చెప్పాడు. అంత పాత చుట్టరికం మనకూ ఆ దేశపు పట్టుకూ.

అయితే బట్ట మన దాకా వచ్చింది గాని, ఆ బట్ట మీద వాళ్ళు నేసుకునే పిట్టల భాష మన దాకా రాలేదు. వాళ్ళ శుభపక్షులు వేరు, మన శుభపక్షులు వేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. మాది అనకాపల్లి. బెల్లానికి పేరుపడ్డ వూరే గాని చీరలకు పేరుపడ్డ వూరు కాదు. కాని ఈ పిట్టల వెంట వెళ్ళగా వెళ్ళగా, ఒక దారి తిరిగి తిరిగి మా బెల్లం దగ్గరికే వచ్చింది. ఆ సంగతి తర్వాత మనవి చేస్తాను.

ఎవరికి ప్రవేశం, ఎవరికి లేదు

ముందు మన చీరల సంగతి చూద్దాం. మన వాకిట్లో రోజూ వాలేది కాకి. చూరులో గూడు కట్టేది పిచ్చుక. ఇద్దరూ ఇంటిలోనివాళ్ళే. అయినా వీళ్ళెవరికీ పట్టుచీర మీద చోటు దొరకలేదు. గద్దనూ గుడ్లగూబనూ అసలే రానివ్వలేదు. గరుత్మంతుడు అంతటివాడికి కూడా దేవాలయ ధ్వజం మీద చోటిచ్చారు గాని పైటకొంగు మీద ఇవ్వలేదు. దసరానాడు ఊరి వెలుపలికి వెళ్ళి పాలపిట్టను చూసి వస్తే ఏడాదంతా శుభమని మనవాళ్ళ నమ్మకం. తెలంగాణకు అది రాష్ట్రపక్షి కూడాను. రెక్క విప్పితే దాని నీలం చూసి పట్టుబట్ట సిగ్గుపడవలసిందే. అయినా ఇన్నేళ్ళలో ఏ చీర అంచు మీదా నేను పాలపిట్టను చూడలేదు.

మరి ఎవరికి ప్రవేశం? ముఖ్యంగా నలుగురికి. హంస, చిలక, నెమలి, గండభేరుండం. ఇందులో తమాషా చూడండి. మొదటి పిట్టను మనం చూడలేదు, చివరి పిట్టను ఎవరూ చూడలేదు!

హంసకు చీర మీద చోటు దొరికింది పెళ్ళిపెద్దగా. దమయంతి దగ్గరికి నలుడి మాట మోసుకుపోయిన రాయబారి అది. శ్రీనాథుడి శృంగారనైషధం చదివినవారికి ఆ సంభాషణ ఎంత ముచ్చటగా వుంటుందో చెప్పనక్కర్లేదు. పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుందన్న కీర్తి ఒకటి, సరస్వతి సన్నిధిలో వుంటుందన్న గౌరవం ఒకటి. మన శిల్పాల్లో హంసను పరకాయించి చూస్తే పొట్టి కాళ్ళు, నిండు ఒళ్ళు, వంచిన మెడ కనిపిస్తాయి. పడమటి దేశాల చెరువుల్లోని తెల్ల స్వాన్ పక్షి కంటే, హిమాలయాలు దాటి ఏటా చలికాలానికి మన దేశం వచ్చే పట్టెతల బాతుకే ఇది దగ్గరగా వుందని పక్షిశాస్త్రం తెలిసినవారు అంటారు. బాతు అంటే మనకు చిన్నచూపు గనక ఈ మాట కొందరికి రుచించదు. కాని హిమాలయం మీదుగా ఎగిరే పక్షిని బాతు అన్నంతమాత్రాన తక్కువ చేసినట్టు కాదు గదా!

చిలక మన్మథుడి వాహనం. పైగా మాటలు చెప్పగలదు. శుకసప్తతిలో చిలక రాత్రికో కథ చెప్పి ఒక ఇల్లాలిని గడప దాటకుండా ఆపింది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకను రాష్ట్రపక్షిగా ఎంచుకున్నది. చీరల మీద మాత్రం దానికి ఆ పదవి అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే దక్కింది.

నెమలి కుమారస్వామి వాహనం, వానకు ముందు కబురు. 1963 నుంచి జాతీయపక్షి. నెమలిని నేయకపోయినా మన చీరలు నెమలి పేరు చెప్పుకుంటాయి. నెమలికంఠం రంగు అంటాం చూడండి, అది ఒక రంగు కాదు, రెండు. పడుగు ఒక రంగు, పేక ఇంకొక రంగు పెట్టి నేస్తారు. కదిలినప్పుడల్లా ఒకసారి నీలం, ఒకసారి ఆకుపచ్చ తొంగిచూస్తాయి. పిట్ట బొమ్మ లేకుండానే పిట్ట మెరుపు చీరలోకి వచ్చిందన్నమాట.

ఇక గండభేరుండం. రెండు తలలు, ఒక ఒడలు. ఏనుగులను సైతం గోళ్ళతో ఎత్తుకుపోతుందని ప్రతీతి. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలు దీన్ని తన బంగారు నాణాల మీద ముద్రించుకున్నాడు. తర్వాత మైసూరు రాజులకు రాజచిహ్నమైంది; నేడు కర్ణాటక ప్రభుత్వ చిహ్నంలో వుంది. అంతటి భీకరపక్షి గద్వాల చీరల మీదా, కంచిపట్టు మీదా ఎంతో బుద్ధిగా వరసలో నిలబడుతుంది. కంచిలో మగ్గాల ముందు తెలుగు మాట్లాడే దేవాంగ, పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా వున్నాయి గనక ఆ పిట్ట మనకు పరాయిది కాదు. అనంతపురం ప్రాంతాన లేపాక్షి ఆలయం వుంది చూశారూ, ఆ లతామంటపం స్తంభాల మీది చెక్కడాలను చూసి ఈనాటికీ చీరల అంచులకు నమూనాలు తీసుకుంటున్నారు. రాతిమీద వున్నది నూలు మీదికి దిగుతున్నది.

వాళ్ళది చెవులతో చూసే శుభం

మన పిట్టలన్నిటి వెనకా ఒక కథ వుంది. కథ తెలియకపోతే హంసకూ బాతుకూ తేడా లేదు. చైనావాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళ పిట్టల్లో చాలావాటి శుభం ఉచ్చారణలో వుంది.

వాళ్ళ భాషలో ఒకే ధ్వనికి పలు అర్థాలుంటాయి. కొంగను వాళ్ళు "లూ" అంటారు. దారిని కూడా "లూ" అనే అంటారు. అందుచేత కొంగను తామరపూలతో కలిపి కుట్టారంటే, "నీ దారి పొడుగునా పైపైకి పోదువు గాక" అని దీవించినట్టు. పూరేడు పిట్ట పేరులోని మొదటి ధ్వని "ఆన్". శాంతికి మాట కూడా అదే. కోడి పేరు శుభం అన్న మాటకు దగ్గరగా పలుకుతుంది. మాగ్‌పై అనే నలుపు తెలుపుల పిట్ట పేరులోనే సంతోషమన్న మాట వుంది; అది పూసిన ప్లమ్ కొమ్మ చివర వాలిందంటే ఇంటికి శుభవార్త. బట్ట కట్టుకున్న మనిషి నోరు విప్పక్కర్లేదు. చూసినవాళ్ళే బొమ్మను పైకి చదువుకుంటారు, చదివితే ఆశీర్వచనం అవుతుంది. మన తెలుగులో "కొంగు మీద కొంగ" అంటే వట్టి శబ్దచమత్కారం. వాళ్ళకు అటువంటిదే మంగళాశాసనం.

అన్నీ ధ్వనిమీదే నడుస్తాయని కాదు. బెగ్గురు పక్షి దీర్ఘాయువుకు గుర్తు. యువాన్‌యాంగ్ అనే రంగురంగుల బాతుల జంట దాంపత్యానికి గుర్తు. పెళ్ళికూతురి దుప్పటి మీదా, దిండ్ల మీదా ఆ జంట తప్పనిసరి. ఫెంగ్‌హువాంగ్ అనే కల్పితపక్షి మహారాణిది. చక్రవర్తికి డ్రాగన్ ఎట్లాగో ఆమెకు ఇది అట్లాగు. మన గండభేరుండంలాగే దాన్నీ ఎవరూ చూడలేదు.

పూర్వం చైనాలో పెళ్ళికొడుకు అత్తవారింటికి అడవిబాతును కానుకగా పట్టుకువెళ్ళే ఆచారముండేది. అది జత విడవదనీ, రుతువు తప్పకుండా వచ్చి పోతుందనీ వాళ్ళ నమ్మకం. హిమాలయానికి ఇవతల అదే జాతి పక్షి నలదమయంతులకు పెళ్ళి కుదిర్చింది. అవతల స్వయంగా పెళ్ళికి కానుకగా వెళ్ళింది. ఎవరు ఎవరికి చెప్పారో మనకెందుకు? రెండు చోట్లా జనం ఆకాశంలోకి చూసి ఒకటే అనుకున్నారు.

చైనావాళ్ళు పిట్టలకు ఉద్యోగాలు కూడా ఇచ్చారు! మింగ్ చక్రవర్తులు 1391లో ఒక శాసనం చేసి, అధికారులు తమ హోదానుబట్టి రొమ్ము మీదా వీపు మీదా చతురస్రపు పట్టీలు ధరించాలన్నారు. సైనికోద్యోగులకు మృగాలు, పరిపాలన చూసేవారికి పక్షులు. తర్వాత వచ్చిన మంచూ చక్రవర్తుల కాలానికి ఆ వరస ఇట్లా స్థిరపడింది. మొదటి తరగతికి బెగ్గురు, రెండో తరగతికి బంగారు ఫెజెంట్, మూడో తరగతికి నెమలి, నాలుగుకు అడవిబాతు, అయిదుకు వెండి ఫెజెంట్, ఆరుకు కొంగ, ఏడుకు యువాన్‌యాంగ్ బాతు, ఎనిమిదికి పూరేడు, తొమ్మిదికి తోకపిట్ట. మన జాతీయపక్షికి అక్కడ మూడో తరగతి ఉద్యోగమే దొరికింది చూడండి!

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అధికారి భార్య కూడా అదే పిట్టను ధరించేది. కాని ఆమె పట్టీలోని పిట్ట భర్త పిట్టకు ఎదురుగా ముఖం తిప్పి వుండేది. దంపతులిద్దరూ పక్కపక్కన కూర్చుంటే పిట్టలు రెండూ ఒకదాన్నొకటి చూసుకునేవి. మనుషులు మాట్లాడుకున్నా మానినా పిట్టలు మాత్రం ఎడమొహం పెడమొహంగా వుండడానికి వీల్లేదు.

చైనా పిట్ట బందరు వచ్చింది

ఈ చైనా పిట్టలు మన దేశం రాలేదా అంటే, రెండు దారుల్లో వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దంలో బొంబాయి పార్సీ వర్తకులు కాంటన్ రేవుకు పోయి వ్యాపారం చేసేవారు. వచ్చేటప్పుడు ఇంటి ఆడవాళ్ళకోసం అక్కడివాళ్ళచేత పట్టుమీద కుట్టుపని చేయించి చీరలు తెచ్చేవారు. వాటినే గారా అంటారు. బెగ్గురులూ, నెమళ్ళూ, ఫెంగ్‌హువాంగులూ వాటిమీద కొలువు తీరి వుంటాయి. సికిందరాబాదులో స్థిరపడ్డ పార్సీ కుటుంబాల పెళ్ళిళ్ళలో మన తెలుగునాట కూడా ఆ చీరలు మెరిసినవే.

రెండో దారి ఇంకా పాతది, ఇంకా వింతైనది. 1611లో ఇంగ్లీషువారి ఓడ బందరు రేవుకు వచ్చింది. డచ్చివారు అంతకు కొంచెం ముందే వచ్చారు. మన అద్దకపు బట్టలకు వాళ్ళు మోజుపడ్డారు. దుప్పట్లంత పెద్ద బట్టమీద ఒక చెట్టు, చెట్టు నిండా పువ్వులు, కొమ్మకొమ్మకూ పిట్టలు. ఇవి ఐరోపా అంతఃపురాల్లో పక్కల మీద పరుచుకునేవారు. ఆ రోజుల్లోనే అక్కడ చైనా సామానుమీద కూడా వెర్రి వ్యామోహం పుట్టింది. దాంతో "చెట్టు కింద చైనాలో మాదిరి బండరాళ్ళు వేయండి, వెదురు వేయండి, పొడుగుతోకల పిట్టలు వేయండి" అన్నట్టుగా నమూనాలు రావడం మొదలైంది. పద్దెనిమిదో శతాబ్దపు కోరమండల్ అద్దకాల్లో ఈ చైనా పోకడలు స్పష్టంగా కనిపిస్తాయి. ఫెజెంటును ఎన్నడూ చూడని మనవాళ్ళ చేతిమీదుగా ఆ పిట్ట బట్టమీద వాలి, ఓడెక్కి, చైనా ఎక్కడుందో తెలియని దొరసానుల గదుల్లోకి పోయింది. లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమండల్ అద్దకాలు ఇప్పటికీ పదిలంగా వున్నాయి. ఈ బట్టల పోటీకి తట్టుకోలేక ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1701లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు చేసింది. మన పిట్టలంటే అంత భయం!

ఆ పాత బట్టల్లో ఒక చోద్యం కనిపిస్తుంది. చిలకలూ ఆకులూ నీలంగా వుంటాయి. అద్దకంలో పచ్చరంగు ఒక్కటిగా లేదు. ముందు నీలిమందులో ముంచి, దాని మీద పసుపురంగు అద్దితే పచ్చ అవుతుంది. నీలిమందు మొండిది, వందల ఏళ్ళు నిలుస్తుంది. పసుపు సుకుమారి, వెలుతురు తగిలితే పోతుంది. కాలం గడిచేసరికి చిలకకు అడుగున వున్న నీలమే మిగిలింది.

ఇక బెల్లం సంగతి. అద్దకపు బట్టకు ముందు కరక్కాయరసం, గేదెపాలు కలిపి పట్టిస్తారు. పాలలోని వెన్న రంగును పక్కకు పాకనివ్వదు. ఆ తర్వాత పిట్ట ఆకారానికి నల్లగీత గీయాలి. ఆ నలుపుకోసం తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లపునీళ్ళలో వేసి కుండకు మూతపెట్టి కొన్ని వారాలు నానబెడతారు. బెల్లం పులుస్తుంది, ఆ పులుపు ఇనుమును కరిగించుకుంటుంది. దీన్ని కసిం అంటారు. కుండలో చూస్తే అంత నలుపేమీ కాదు. కరక్కాయ పట్టించిన బట్ట మీద కలంతో గీసీగీయగానే నల్లబడుతుంది. అంటే నెమలి తురాయీ, చిలకముక్కూ, హంసకన్నూ అన్నీ ముందు బెల్లంతోనే మొదలవుతాయి! దేశంలోని పెద్ద బెల్లంమార్కెట్లలో ఒకటైన అనకాపల్లిలో పుట్టినవాణ్ణి. బెల్లం అరిసెలకూ, పానకానికీ పనికివస్తుందని తెలుసు గాని, బట్టమీది పిట్టకు చూపునిస్తుందని ఎవరూ చెప్పగా వినలేదు.

ఈ విద్య అడుగంటిపోయే దశలో కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారు పూనుకున్నారు. శ్రీకాళహస్తిలో 1957లో శిక్షణకేంద్రం వెలిసింది. అక్కడ కలంతో గీస్తారు. బందరు పక్కన పెడనలో టేకు అచ్చులతో అద్దుతారు. కాళహస్తి నెమలికి ఒక్కొక్కదానికీ ఒక్కొక్క మొహం. పెడన చిలకలన్నీ ఒక్క తల్లి పిల్లలు.

తాండవ ఒడ్డున

అద్దకపు పిట్టకు కలం వుంది. నేతపిట్టకు కలమూ లేదు, రంగూ లేదు. పోగులే గతి. దాన్ని కళ్ళారా చూడాలంటే మాకు దూరం పోనక్కర్లేదు. తుని స్టేషనులో దిగి తాండవనది దాటితే పాయకరావుపేట. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక అది మా జిల్లాలోనిదే అయింది. ఇంకాస్త దక్షిణంగా సముద్రం పక్కన ఉప్పాడ. అక్కడి జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మా చెల్లెలి కూతురి పెళ్ళికి మేనమామ చీర పెట్టడం నా వంతు. హంసల చీర పెట్టాలని నా పట్టుదల. పిల్ల విశాఖలో కంప్యూటరు వుద్యోగం చేస్తున్నది. ఫోనులో ఒక బొమ్మ చూపించి, "ఇవీ హంసలే గదా మావయ్యా! పదోవంతు ధరకు ఇంటికి తెచ్చి ఇస్తారట" అన్నది. మాటకు మాట చెప్పి లాభం లేదని పిల్లను వెంటబెట్టుకుని పాయకరావుపేట వెళ్ళాను.

గుంటమగ్గం. గుంటలో కాళ్ళు పెట్టుకుని భార్యాభర్త లిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆయనకు అరవై దాటి వుంటాయి. పడుగు కింద కాగితం మీద గళ్ళు గీసిన హంసబొమ్మ. నాడె అడ్డంగా పోయి మామూలు పేక వేస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ చిన్న చిన్న కండెలు చేత్తో పట్టుకుని, హంస వున్నంతమేరకు పడుగుపోగులు లెక్కపెట్టి ఎత్తి, రంగునూలు దూర్చి తిప్పుతారు. ఆపైన మళ్ళీ నాడె. ఒక వరస అయింది. అట్లాంటి వరసలు ఎన్నో అయితే ఒక ముక్కు.

చైనాలో కెసి అనే పట్టునేత వుంది. సోంగ్ చక్రవర్తుల నాటికే అది పరాకాష్ఠకు చేరింది. అందులోనూ ఇంతే, ఏ రంగుకు ఆ రంగు చిన్న కండె, ఆ రంగు వున్నంతవరకే పోయి వెనక్కి తిరుగుతుంది. అయితే కెసిలో రంగు మారినచోట సన్నని చీలిక మిగులుతుంది. జాందానీలో అడుగున మామూలు పేక అంచునుంచి అంచుదాకా పోతుంది గనక చీలిక వుండదు. ఢాకా జాందానీని యునెస్కో 2013లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. మన తీరం మీది జాందానీ దానికి దగ్గరి చుట్టమే.

పిల్ల ఫోను తీసి నేతగానికి చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాగుందమ్మా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆయన భార్యే అందుకుంది.

"ఆ చీర తిరగేసి చూపించమను తల్లీ. వెనకాల పోగులు వేలాడతాయి, లేకపోతే కోసేసిన పోగుల మొదళ్ళు వుంటాయి. ఇదిగో, ఇది చూడు."

మగ్గం మీది బట్ట వెనుకవైపు చూపించింది. వెనకా హంసే. ముందున్నంత శుభ్రంగా వుంది.

"మెడ దగ్గరే కష్టమండి, బాబూ" అన్నాడాయన నాతో. "ఒళ్ళు ఎవరైనా నేస్తారు. మెడ వంపు తిరిగేచోట వరసకో పోగు జరగాలి. ఒక్క పోగు అటూ ఇటూ అయిందా, ఇక అది హంస కాదండి, బాతు."

పిల్ల నవ్వింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "మీ పిల్లలు నేర్చుకున్నారా అండీ?"

"అబ్బాయి అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పనికి పోతున్నాడమ్మా. నేనే పొమ్మన్నాను. షావుకారు నూలిస్తాడు, మేం నేస్తాం, చీరకింతని మజూరీ ఇస్తాడు. హంస మెడకు వేరే మజూరీ లేదు గదా! నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే పని వుంటే వద్దని ఎట్లా అంటాను?"

ఆమె తల వంచుకుని కండె తిప్పుతూ అన్నది, "అమ్మాయికి వచ్చు. నాకంటే బాగా వచ్చు. అత్తవారింట్లో మగ్గం లేదు."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మగ్గం చప్పుడు మాత్రం వినబడింది.

ఆ ఇంట్లో వినబడ్డది ఒక ఇంటి కథ కాదు. దేశం మొత్తం మీద చేనేతపనివారు 2009-10 లెక్కల్లో 43 లక్షల 31 వేలమంది. 2019-20 లెక్కలకు 35 లక్షల 22 వేలు. పదేళ్ళలో ఎనిమిది లక్షలమంది మగ్గం దిగిపోయారు. మిగిలినవారిలో నూటికి డెబ్బైమందికి పైగా ఆడవాళ్ళే. మరయంత్రాలు అనుకరించకుండా కొన్ని రకాల చీరలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం చేశారు. చట్టం పుస్తకంలో వుంది, అనుకరణ అంగట్లో వుంది. ఆగస్టు 7న చేనేత దినోత్సవం 2015 నుంచి జరుపుకుంటున్నాం. తక్కిన మూడువందల అరవైనాలుగు రోజులూ నేతగాడికి ఎట్లా గడుస్తున్నాయన్నదే ప్రశ్న.

పిల్లే తీర్మానించింది. చీరంతా హంసలు వద్దన్నది. ఒళ్ళంతా సాదాగా వుంచి, కొంగుమీద మాత్రం రెండు హంసలు ఎదురెదురుగా. "ఆ రెండిటికీ ఎన్నిరోజులు పడితే అన్నిరోజుల కూలి లెక్కకట్టి చెప్పండి. నూలు ఖర్చు వేరే ఇస్తాం" అన్నది. జీతంరాళ్ళ లెక్క తెలిసిన పిల్ల గనక రోజుల లెక్క అడగాలని తోచింది. నాకు తోచలేదు. సగం సొమ్ము ముందుగా ఇచ్చి వచ్చాం.

చీర మాఘమాసానికి అందింది. కొంగు పరిచి చూశాం. కుడివైపు హంస ఆయన నేసింది, ఎడమవైపుది ఆవిడ నేసింది. రెండూ ఒకటే నమూనా. కాని ఆవిడ హంస మెడ ఒక్క పిసరు ఎక్కువ వంగింది, ఎదుటివాడి మాట ఆలకిస్తున్నట్టు. చైనా అధికారి దంపతుల పట్టీల మీది పిట్టలు నాకు చటుక్కున జ్ఞాపకం వచ్చాయి. వాటిని ఎదురెదురుగా నిలబెట్టింది రాజశాసనం. వీటిని నిలబెట్టింది ఒక మగ్గం మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మనుషులు.

పిట్ట నిలవాలంటే

చైనాలో 1912లో చక్రవర్తుల ప్రభుత్వం పోయింది. దానితో హోదాపట్టీలూ పోయాయి. తొమ్మిది తరగతుల పక్షులూ కొలువులు వదిలి మ్యూజియం అద్దాల వెనక్కి చేరాయి. దాంపత్యపు బాతులకు మాత్రం ఏ ముప్పూ రాలేదు. పెళ్ళిళ్ళు వున్నంతకాలం వాటికి పని వుంటుంది. మన హంస కూడా పెళ్ళి మీద ఆధారపడిన పక్షే. కనక దానికి ఆయువు గట్టిదే అనుకోవచ్చు. అంగట్లో హంసబొమ్మకు ఎన్నడూ కొరత రాదు. కొరత వచ్చేది మెడ వంపులో పోగు లెక్కపెట్టగల చేతికి. ఆ చెయ్యి ఒక తరంలో ఆగిపోతే, తర్వాత బొమ్మ చూసి నేర్చుకోవడం సాధ్యమయ్యే పని కాదు.

అందరూ వేలకు వేలు పోసి జాందానీలు కొనాలని నేననను. మధ్యతరగతి సంసారాల సంగతి నాకు తెలియనిది కాదు. చెప్పదలచింది ఒక్కటే. చేనేత అని చెప్పి అమ్మేచోట చేనేత ధర ఇచ్చేముందు, కొంగు తిరగేసి వెనుకవైపు చూడండి. వెనకాల కూడా పిట్ట నిండుగా వుంటే నేసిన చేతికి తగిన వెల ఇవ్వండి. కోసిన పోగులు కనిపిస్తే మరబట్టకు మరబట్ట వెలే ఇవ్వండి.

మా అనకాపల్లిలో బెల్లం కొనేవాడు దిమ్మను పైపైన చూసి డబ్బివ్వడు. ఓ మూల తుంచి, నోట్లో వేసుకుని, చప్పరించి మరీ బేరం మొదలుపెడతాడు. నోట్లో కరిగిపోయే బెల్లానికే ఇంత పరీక్ష చేసేవాళ్ళం, పదికాలాలు పెట్టెలో దాచుకునే చీరను తిరగేసి చూడడానికి మొహమాటమెందుకు?